నలుగురి చెవిన పడని కథ

మా రోజుల్లో కథ అచ్చుకు వెళ్ళకముందు నలుగురి చెవిన పడేది. పడక తప్పేది కాదు. ఊళ్ళో తోటి రచయితలను పెట్టుకుని, వాళ్ళకు వినిపించకుండా ఎవడైనా పత్రికకు పోస్టు చేశాడో, "మేం చచ్చామనుకున్నావా" అని నెలల తరబడి సాధించేవాళ్ళు. ఇప్పుడో? బస్సులో కూర్చుని ఫోనులో టైపు చేయడం, దిగే స్టాపు వచ్చేలోపు ఫేస్‌బుక్‌లో పెట్టేయడం. పావుగంట తిరక్కుండా "సూపర్ అన్నా", "కంటతడి పెట్టించారు మేడం" అంటూ కామెంట్లు. అంతమందిలో రెండో పేరా నీరసంగా ఉందని చెప్పే మనిషి ఒక్కరుండరు. చెప్పాలనిపించినవాళ్ళు కూడా మనకెందుకొచ్చిన గొడవ అనుకుని చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి తప్పుకుంటారు.

నా కోపం ఫోను మీద కాదు. ఫోనులో రాసుకుంటే రాసుకోనివ్వండి, ఠావుల ఖర్చు తగ్గింది. రాసేవాళ్ళు నాలుగు రోజులు ఒకచోట ఉండి, ఒకరి రాత ఒకరు విని, దాని మీద తెగేదాకా మాట్లాడుకునే అలవాటు పోయింది. దాని పేరు మీద జరిగే హడావిడి మాత్రం పెరిగింది. నా బాధ అదీ.

మా జట్టు విజయనగరం జట్టు. బడిపంతుళ్ళం ఇద్దరం ముగ్గురం, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక ఆర్టీసీ కండక్టరు, తాలూకాఫీసులో పనిచేసే ఇంకొకాయన, ఇంకా వచ్చీ పోయేవాళ్ళు. వేసవి సెలవుల్లో ఊరికి దూరంగా ఉన్న ఒక ఎలిమెంటరీ స్కూలులో దిగేవాళ్ళం. ఆ బడి హెడ్మాస్టరు మాలోవాడే కాబట్టి తాళం చేతిలో ఉండేది. పిల్లలు లేని బడి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో పంతుళ్ళకే తెలుస్తుంది. పొద్దున్నే ఎవరి గది వాళ్ళది. మూడో తరగతిలో ఒకడు, ఐదో తరగతిలో ఒకడు, పొట్టి బెంచీలు రెండు కలుపుకుని వాటిమీద అట్ట పెట్టుకుని రాసుకునేవాళ్ళం. మధ్యాహ్నం దాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అగ్గిపెట్టె కావాలన్నా సైగే. అన్నం వేళకు చెట్టుకింద చేరేవాళ్ళం. ఊళ్ళోంచి ఒకావిడ వండి పంపేది: అన్నం, పప్పుచారు, మాగాయ. ఎండ వాలాక వరండాలో చాపలు పరుచుకునేవాళ్ళం. అప్పుడు మొదలయ్యేది అసలు పని.

మాలో ఒక కట్టుబాటు ఉండేది. కథ రాసినవాడు తన కథ తాను చదవకూడదు. ఇంకొకడు చదవాలి. రాసినవాడు నోరు మూసుకుని వినాలి. ఇది ఎవరు పెట్టారో గుర్తులేదు గానీ, కథల గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఈ కట్టుబాటు వల్లే వచ్చింది. రాసినవాడు చదివితే వాక్యంలో లేని ఏడుపు గొంతులో తెచ్చి పెడతాడు. బోసిగా ఉన్నచోట చెయ్యి ఊపుతాడు. ఇంకొకడు చదివితే కాగితం మీద ఏముందో అదే వినపడుతుంది. చదివేవాడు ఎక్కడ తడబడ్డాడో అక్కడ వాక్యం ముడిపడిందన్నమాట. ఎక్కడ ఊపిరి చాలలేదో అక్కడ వాక్యాన్ని విరవాలన్నమాట. ఎవరూ విమర్శించనక్కర్లేదు, రాసినవాడు అక్కడే పెన్సిలుతో గీత పెట్టుకునేవాడు.

ఒకసారి బ్యాంకు గుమాస్తా కథ చదివారు. నూతులు తవ్వే కూలీ కథ. అతను నూతిలోకి దిగుతాడు, కింద మట్టి రంగు చూస్తాడు, పెళ్ళాం చీర గుర్తొస్తుంది, అక్కణ్ణుంచి అతని బతుకంతా వస్తుంది. బాగా రాశాడు. వింటున్నవాళ్ళం తలలూపుతున్నాం. కండక్టరు మాత్రం ఊపలేదు. అతని నాన్న నూతులు తవ్విన మనిషి. చదవడం అయ్యాక చాలాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చుని అన్నాడు: "ఒరే, నూతిలోకి దిగినోడు ముందుగాల మట్టి చూడడురా. పైకి చూస్తాడు. తాడట్టుకున్నోడెవుడో చూసుకుంటాడు."

ఇంకెవరమూ మాట్లాడలేదు. గుమాస్తా కాగితాలు తీసుకుని ఐదో తరగతి గదిలోకి వెళ్ళి లాంతరు వెలిగించుకున్నాడు. మర్నాటి సాయంత్రానికి కథ మారిపోయింది. పెళ్ళాం చీర లేదు. తాడు పట్టుకున్నది తమ్ముడు. ఆ తమ్ముడికీ ఇతనికీ మధ్య గట్టు తగాదా ఉంది, పొద్దున ఇద్దరూ మాట మాట అనుకుని వచ్చారు. దిగేటప్పుడు పైకి చూస్తాడు. అంతే మార్పు. కానీ ఇప్పుడది కథ. కండక్టరు విని "ఇప్పుడు దిగినాడు" అన్నాడు. అచ్చయినప్పుడు ఆ కథ కింద పేరు గుమాస్తాదే. కానీ ఆ చూపు అతనికి ఒంటరిగా కూర్చుంటే దొరికేది కాదు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరికేది కాదు. పది రకాల పనులు చేసుకుని బతికే రాతగాళ్ళు ఒక చాప మీద కూర్చుంటే దొరికింది.

ఇప్పటి పిల్లలతో ఈ మాట చెప్తే "ఏకాంతం కావాలి కదండీ మాస్టారూ, నలుగురిలో కూర్చుని రాయడం ఎలా?" అంటారు. రాసేటప్పుడు ఒంటరితనం కావాలి, రాశాక చెవి కావాలి. రెండూ ఒకే చోట దొరకడమే రచయితలు కలిసి ఉండటంలో ఉన్న లాభం. ఇంట్లో ఈ రెండూ ఉండవు. ఇంట్లో ఒంటరిగా కూర్చోనివ్వరు, రాసింది వినరు. వింటే బాగుందంటారు. అమ్మ చేసిన కూరలాగే మనవాడు రాసిన కథ కూడా వాళ్ళకు బాగానే ఉంటుంది. వాళ్ళ తప్పు కాదు.

మేమేదో కొత్తగా కనిపెట్టామని అనను. మాకు ముందు తరాలన్నీ ఇలాగే బతికాయి. తల్లావజ్ఝల శివశంకర శాస్త్రిగారు సభాపతిగా సాహితీ సమితి నడిచిన రోజుల్లో నండూరి సుబ్బారావుగారూ, చింతా దీక్షితులుగారూ, నోరి నరసింహశాస్త్రిగారూ, అడివి బాపిరాజుగారూ ఒకరి రచన ఒకరు వినే పెరిగారు. ఆనాటి భావకవులను ఎంత వెక్కిరించినా సరే, ఒకరినొకరు శ్రద్ధగా విన్నారన్నది మాత్రం కాదనలేరు. మా ఊళ్ళోనే చాసో, శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి. ముగ్గురు మూడు రకాలు. రోణంకివారు మహారాజా కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు, యూరపు భాషలు కొన్ని వచ్చు. ఆయన చదివింది కబుర్లలో మిగతావాళ్ళకు అందేది. చాసో కథల్లో ఒక్క మాట కూడా అదనంగా ఉండదని మనం మురిసిపోతాం. 'వాయులీనం' ఎంత చిన్న కథ! ఆ పొదుపు ఒక్క మనిషికి గదిలో కూర్చుంటే రాలేదని, చుట్టూ గట్టి వినికిడి ఉన్న స్నేహితులుండబట్టి వచ్చిందని నా నమ్మకం.

తెనాలి శారద సంగతి తీసుకోండి. అసలు పేరు నటరాజన్, తమిళ బిడ్డ. 1937లో చిన్నపిల్లవాడుగా తెనాలి వచ్చాడు. హోటళ్ళలో సర్వరుగా పనిచేశాడు. తెలుగు మాతృభాష కాదు, ఆ ఊళ్ళోనే చదువుకుని పట్టుకున్నాడు. 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' రాశాడు. 1955లో, ముప్పయ్యేళ్ళు దాటీ దాటకముందే పోయాడు. ఆయనకు కొండమీద గది ఎవరిచ్చారు? నాలుగు రోజుల సెలవు ఎవరిచ్చారు? ఉన్నదల్లా ఆలూరి భుజంగరావు వంటి స్నేహితులు. భుజంగరావూ హోటల్లో పనిచేసినవాడే, రాసేవాడే. తర్వాత 'సాహిత్య బాటసారి శారద' అని పుస్తకమే రాశాడు. పగలంతా బల్లలు తుడిచిన మనిషి రాత్రి కథ రాస్తే, అది ఎలా ఉందో అడగడానికి అదే పని చేసి వచ్చిన ఇంకో మనిషి పక్కనున్నాడు. ఆ ఒక్క సాయం లేకపోతే శారద మనకు దక్కేవాడా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇక కారా మాస్టారు. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారని అందరికీ తెలుసు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆ వయసులో తిరిగి తిరిగి పోగుచేశారు. కానీ దానికి ఎంతో ముందునుంచే ఆయన ఇల్లు రాసేవాళ్ళు కలిసే చోటు. కొత్త కుర్రాడు చేతిప్రతి పట్టుకొస్తే గంటలు గంటలు కూర్చుని మాట్లాడేవారు. 'యజ్ఞం' రాసినాయన, కుర్రాడి మొదటి కథ మీద అంత సమయం పెట్టడమేమిటని అప్పట్లో కొందరికి వింతగా ఉండేది. ఉత్తరాంధ్ర కథ అని ఇవాళ మనం గర్వంగా చెప్పుకునేదాంట్లో ఆ గంటలు ఎన్ని కలిసి ఉన్నాయో. 2021 జూన్‌లో ఆయన పోయినప్పుడు చాలామంది ఆయన కథల గురించి రాశారు. నాకు మాత్రం ఆయన వినికిడి పోయిందని దిగులేసింది.

సరే, ఇప్పటి సంగతికి వస్తాను. ఈమధ్య రచయితల క్యాంపులు బాగానే జరుగుతున్నాయి. అరకులో, హార్స్‌లీ హిల్స్‌లో, వికారాబాదు అనంతగిరిలో, పాపికొండల దగ్గర. ఒక క్యాంపుకు నన్నూ పెద్దవాడినని పిలిచారు. ఎవరు పిలిచారో చెప్పను, చెప్పడం అనవసరం, ఇలాంటివి చాలా చూశాను. రిసార్టు గేటు దగ్గరే ఫ్లెక్సీ. దాని ముందు అందరికీ ఫోటో. గదుల తాళాలు ఇచ్చేటప్పుడు ముందు అడిగింది వైఫై పాస్‌వర్డు. కార్యక్రమం కాగితం చూస్తే పొద్దున తొమ్మిదినుంచి రాత్రి దాకా ఖాళీ లేకుండా సెషన్లు. పుస్తకాన్ని ఎలా అమ్ముకోవాలి, సినిమాకు కథ ఎలా ఇవ్వాలి, అవార్డులకు ఎలా పంపాలి. మధ్యలో బొర్రా గుహలు. రాత్రి క్యాంప్‌ఫైర్, పాటలు. చివరి రోజు శాలువాలు, మెమెంటోలు.

రాయడానికి ఎప్పుడు? ఏ గంటకు ఏ మూల కూర్చుని? కాగితం మొత్తం తిరగేశాను, రాసుకునే వేళ అనేది లేదు. చదువుకోవడానికి ఒక గంట ఇచ్చారు. అందులో పదిహేనుమంది చదవాలట. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో కథలో ఎవరింట్లో ఎవరున్నారో కూడా తెలీదు. మొదటి అమ్మాయి చదువుతుంటే తర్వాత చదవాల్సినవాళ్ళు తమ కాగితాలు సర్దుకుంటున్నారు, చదివేసినవాళ్ళు ఫోన్లలో ఫోటోలు పంపుకుంటున్నారు. ఆ అమ్మాయి కథలో మంచి చోటొకటి ఉంది. అంగన్‌వాడీ ఆయా గుడ్లు లెక్కపెట్టే చోటు. ఒకటి తక్కువ వస్తే మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతుంది, ఈసారి తన బిడ్డ వైపు చూడకుండా. ఎంత గట్టి వాక్యమది! చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. దాని తర్వాత వచ్చిన మూడు పేరాలు తీసేస్తే కథ ఎంత నిలబడుతుందో చెప్పేవాళ్ళు లేరు. భోజనాల దగ్గర నేను చెప్తే కళ్ళింతలు చేసుకుని, "ఇలా ఎవరూ చెప్పలేదండీ" అంది. ఎందుకు చెప్పలేదు? పదిహేనుమంది రాసేవాళ్ళు మూడు రోజులు ఒక కప్పు కింద ఉండి ఆ మాట చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారు?

మొహమాటమంటారు. మొహమాటం కాదు, శ్రద్ధ లేకపోవడం. మా జట్టులో మొహమాటం ఎందుకుండేది కాదంటే, రేపు నా కథ కూడా ఆ చాప మీదకే వస్తుంది. ఇవాళ నేను బద్ధకంగా వింటే రేపు వాళ్ళూ బద్ధకంగా వింటారు. పైగా మూడు పూటలు కలిసి తిన్నవాడు తిడితే అంత నొప్పి ఉండదు. కొత్త మనిషి మైకులో తిడితే అవమానం. చెట్టుకింద మాగాయ కలుపుకుంటూ "నీ ముగింపు అబద్ధం రా" అంటే ఆలోచిస్తాం. అందుకే కలిసి ఉండటం అవసరం. ఒక పూట సభ పెట్టుకుని విడిపోతే ఆ చనువు రాదు. రెండో రోజు రాత్రికి గానీ మనుషులు నిజం మాట్లాడరు. ఇది నేను ప్రతి వేసవిలో చూసిందే.

అమెరికావాళ్ళను చూసి కాపీ కొడుతున్నామని కొందరు గొణుగుతారు. కొడితే సరిగ్గా కొట్టమనండి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పీటర్‌బరో అనే చిన్న ఊరి దగ్గర అడవిలో మాక్‌డోవెల్ అని ఒక చోటుంది. ఎడ్వర్డ్ మాక్‌డోవెల్ అనే సంగీతకర్త, ఆయన భార్య మేరియన్ కలిసి 1907లో పెట్టారు. చెట్ల మధ్య విడివిడిగా చిన్న ఇళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరింట్లో వాళ్ళు పనిచేసుకోవాలి. పిలవకుండా ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు. మధ్యాహ్నం భోజనం బుట్టలో పెట్టి తెచ్చి గుమ్మం దగ్గర వదిలి వెళ్ళిపోతారు, పలకరించరు. రాత్రి మాత్రం అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటారు. తర్వాత ఇష్టమైనవాళ్ళు తాము చేసింది వినిపిస్తారు. పగలు ఏకాంతం, రాత్రి సాంగత్యం. థార్న్‌టన్ వైల్డర్ 'అవర్ టౌన్' నాటకం మీద అక్కడ పనిచేశాడు. జేమ్స్ బాల్డ్విన్ అక్కడ ఉండి రాసుకున్నాడు. వందేళ్ళు దాటినా ఆ పద్ధతి మార్చలేదు. అక్కడినుంచి మనం తెచ్చుకోవాల్సింది ఆ అన్నంబుట్ట. మనవాళ్ళు తెచ్చుకున్నది చలిమంట.

అంత దూరం ఎందుకు, మన మదనపల్లెలో జరిగింది చూడండి. 1919లో రవీంద్రనాథ్ టాగూరు దక్షిణాదిలో తిరిగి తిరిగి అలసిపోయి, అనీబిసెంట్ పెట్టిన థియోసాఫికల్ కాలేజీలో విశ్రాంతికి దిగాడు. అక్కడ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఆయనా కవే. భార్య మార్గరెట్‌కు సంగీతం తెలుసు. ఒక సాయంత్రం టాగూరు 'జనగణమన' పాడి వినిపించాడు. విన్నవాళ్ళు ఊరుకోలేదు, మళ్ళీ పాడమన్నారు. తర్వాత టాగూరు అక్కడే కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది. అప్పటి చిత్తూరు జిల్లాలో ఒక కాలేజీ ఆవరణలో, మంచి చెవులున్న నలుగురి మధ్య జరిగిన పని అది. ఏ శాలువా కప్పారో ఎవరికీ గుర్తులేదు. పని మిగిలింది.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటివాళ్ళను మెచ్చుకోకుండా ఉండలేను. మా వరండాలో ఆడవాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రాయలేదా అంటే, వారపత్రికలను నిలబెట్టిందే వాళ్ళు. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి, మాలతీ చందూర్. వాళ్ళ సీరియళ్ళ కోసం జనం పత్రిక వచ్చే రోజు షాపు ముందు నిలబడేవాళ్ళు. అయినా మామూలు ఊళ్ళలో రాసుకునే ఆడపిల్లకు, ఇల్లాలికి నాలుగు రోజులు బయటికి వెళ్ళి రాసుకునే దారి ఎక్కడుంది? పొయ్యి ఆర్పాక, పిల్లలు పడుకున్నాక, బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని రాసినవాళ్ళున్నారు. రాసింది వినేవాళ్ళు లేరు. మా రోజులు గొప్పవని నేను ఎంత అన్నా, ఈ ఒక్కచోట అనలేను. తర్వాత 'భూమిక' పత్రిక రచయిత్రులను కూడగట్టి యాత్రలకు తీసుకెళ్ళడం మొదలుపెట్టినప్పుడు కొందరు ముక్కు విరిచారు గానీ, అది తెలుగులో ఎప్పుడో జరగాల్సిన పని.

ఆ రిసార్టులో ఒక దృశ్యం చూశాను. ఒక ఊరి టీచరమ్మ, కథలు రాస్తుంది, యాభై దాటి ఉంటాయి. మొదటి రోజు అందరూ కాఫీలు తాగడం అయ్యాక ఆవిడ లేచి చకచకా కప్పులు ఏరుతోంది. పక్కనున్న రచయిత్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అక్కా, వాళ్ళొచ్చి తీస్తారు. నువ్వు కూర్చో" అంది. ఆవిడ కూర్చుంది గానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో ముడుచుకుంది. మర్నాడు పొద్దున నేను నడకకు వెళ్ళి వస్తుంటే వరండా చివర కుర్చీ లాక్కుని రాసుకుంటోంది. సెషన్ గంట కొట్టినా రాలేదు. నిర్వాహకుల కుర్రాడు పిలవడానికి వెళ్తుంటే నేనే ఆపాను. ఆవిడకు ఆ మూడు రోజుల్లో దొరికింది ఆ ఒక్క పొద్దు. ఎవరికీ వండక్కర్లేని పొద్దు. దాని విలువ మగవాడికి చెప్తే అర్థం కావడం కష్టం. రచయితలు కలిసి బయటికి వెళ్ళడం వల్ల లాభమేమిటని ఎవరైనా అడిగితే, మిగతా లాభాలన్నీ పక్కన పెట్టి ముందు ఇదే చెప్తాను.

ఇంకో లాభం ఉంది, దాన్ని పైకి చెప్పుకోవడానికి జనం సిగ్గుపడతారు. అసూయ. పక్కగదిలో వాడు రాస్తున్నాడని తెలిస్తే మన కలం ఊరికే ఉండదు. గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు వింటే మనమూ కూర్చుంటాం. నిన్న రాత్రి వాడి కథ విని నిద్ర పట్టలేదు కాబట్టి ఇవాళ మనమూ అంత పని చేయాలి. మా గుమాస్తా నూతి కథ విన్నాక ఆ వేసవిలో మిగిలిన మేమందరం రాసినవి తిరగరాసుకున్నాం. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఒంటరిగా ఉంటే మనకు పోటీ మన పాత కథే. దాన్ని ఓడించడం సులభం.

అక్కడినుంచి విడిపోయాక కూడా పని ఆగేది కాదు. ఉత్తరాలు. కార్డు ముక్క మీద, "మూడో పేజీలో తమ్ముడి పేరు రెండు రకాలుగా వచ్చింది చూసుకో" అని. "నువ్వు అనుకున్న ముగింపు పెట్టకు, నేనిప్పుడు బస్సులో ఆలోచించాను" అని. కండక్టరు టిక్కెట్టు పుస్తకం అట్ట వెనక రాసి పంపేవాడు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు పెడతారు. క్యాంపు అయిన వారానికల్లా అందులో గుడ్ మార్నింగులూ, పండగ శుభాకాంక్షలూ. గ్రూపు పెట్టడం మంచిదే, నేను వద్దనను. కానీ అందులో కథ పెడితే ఎవరైనా తీరిగ్గా చదివి నాలుగు వాక్యాలు రాస్తున్నారా? అది జరిగే గ్రూపులు కూడా ఉన్నాయని విన్నాను. విదేశాల్లో తెలుగువాళ్ళు మనకన్నా పట్టుదలగా ఉన్నారు. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచీ పుస్తకాలు పెట్టుకుని చర్చిస్తోంది. డాలస్‌లో నెలనెలా తెలుగు వెన్నెల జరుగుతోంది. అంత దూరంలో ఉన్నవాళ్ళకు తెలుగు వినే చెవి కరువు కాబట్టి విలువ తెలిసింది. ఇక్కడ మనకు ఊరినిండా చెవులున్నాయి, వాడుకునే తీరిక లేదు.

డబ్బు సంగతి చెప్పకుండా వదలను. నేను చెప్పిన క్యాంపుకు తలా ఇంత అని రుసుము కట్టించారు. రిసార్టు కదా, కట్టించక ఏం చేస్తారు. ఆ రుసుము సాఫ్ట్‌వేరు ఉద్యోగికి లెక్క కాదు. కాంట్రాక్టు లెక్చరరుకు నెల జీతంలో మంచి ముక్క. ఆటో తోలుకుంటూ రాసే కుర్రాడు ఆ మొత్తం చూసి ఫోన్ పెట్టేశాడట. శారద వంటి మనిషి ఇవాళ ఉంటే ఆ గేటు లోపలికి రాగలడా? ఏసీ గదుల్లో ఒకే జీతం, ఒకే రకం చదువు ఉన్నవాళ్ళు కూర్చుంటే నూతిలో దిగినోడు పైకి చూస్తాడని చెప్పేదెవరు? కండక్టరు లేని చాప ఎందుకు? విప్లవ రచయితల సంఘం, అదే విరసం వాళ్ళ రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అయినా వాళ్ళ సాహిత్య పాఠశాలల్లో ఒకటి మెచ్చుకుంటాను, వచ్చినవాళ్ళు ఏ హాల్లో పడుకోమంటే ఆ హాల్లో పడుకుని, అందరూ తినేదే తిని, పొద్దున్నే లేచి చర్చలో కూర్చుంటారు. డబ్బు లేదని ఎవరూ బయట ఆగిపోరు.

వేసవిలో మన ఊళ్ళలో ఎన్ని బళ్ళు తాళం వేసి ఉంటాయి! నీళ్ళున్నాయి, కరెంటుంది, చెట్లున్నాయి. మా రోజుల్లో కరెంటు కూడా లేదు. పంచాయతీని అడిగితే ఇస్తారు, హెడ్మాస్టరును అడిగితే ఇస్తాడు, అడిగేవాళ్ళు లేరు.

ఆ క్యాంపు పెట్టిన పిల్లలు మంచివాళ్ళే. నేను మొహం మాడ్చుకున్నది చూసినట్టున్నారు, వచ్చే వేసవికి ఎలా చేద్దామో చెప్పమని ఫోన్ చేశారు. కాగితం మీద రాసి పంపాను. రాతప్రతి లేనివాళ్ళు రావద్దు, సగం రాసిందైనా సరే. మధ్యాహ్నం దాకా మాటలుండవు, ఫోన్లు హెడ్మాస్టరు గది బీరువాలో. రాత్రికి రెండు కథలే, మూడోది లేదు. రాసినవారు చదవరు. మైకు లేదు, శాలువా లేదు. ఆడవాళ్ళు సగమైనా ఉండాలి, చంటిపిల్లల తల్లులుంటే పిల్లలతో రావచ్చు, చూసుకోవడానికి మనిషిని పెట్టాలి. వచ్చినవాళ్ళలో బడిపంతుళ్ళు మూడోవంతుకు మించకూడదు. మిగతావాళ్ళు వేరే పనులు చేసుకునేవాళ్ళు కావాలి: నర్సులు, డ్రైవర్లు, కౌలు రైతులు, దుకాణదారులు. రాసేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు, వెతకాలి.

ఫోన్ల దగ్గర కాస్త బేరమాడారు. రాత్రి భోజనాల ముందు ఇంటికి మాట్లాడుకోవడానికి అరగంట ఇవ్వమన్నారు, ఒప్పుకున్నాను. మిగతావాటికి సరేనన్నారు. బడి దొరికింది. వండి పెట్టడానికి ఊళ్ళో ఇద్దరు ఒప్పుకున్నారు. గదుల్లో రెండు ఫ్యాన్లు తిరగడం లేదు, సంక్రాంతి వెళ్ళాక వచ్చి చూస్తానని ఎలక్ట్రీషియన్ చెప్పాడు.